దొరసాని ఒంటిమీద ఊదా చుక్కలు

ఆ రోజుల్లో అలసటను ఎవరూ జబ్బుగా లెక్కపెట్టేవారు కాదు. జ్వరం వస్తే జబ్బు, కాలు విరిగితే జబ్బు. ఒళ్ళంతా పచ్చిపుండై, మెట్టెక్కే ముందు ఆ మెట్టు వంక దిగులుగా చూస్తూ నిలబడితే మాత్రం "పనిచేసిన ఒళ్ళు" అనేవారు. ఆ మాటలో కాస్త మెప్పు కూడా ఉండేది. ఇప్పుడు మా వీధిలోనే అలసటకు మూడు రకాల వైద్యాలున్నాయి (మూడూ చేయించుకున్నాను, మూడు చోట్ల నుంచీ ఇంకొంచెం అలిసిపోయి తిరిగొచ్చాను). మొన్నామధ్య అందులో ఒక సూదుల వైద్యుడి గదిలో నా వంతు కోసం కూర్చుని, బల్లమీద పడున్న పత్రిక ఒకటి తిరగేస్తున్నాను. అందులో ఒక తెల్ల గుర్రం బొమ్మ ఉంది. ముట్టె నుంచి తోక దాకా ఒంటినిండా చుక్కలు. గుర్రాల ఆరోగ్యం నిలబడటానికి సూదులు గుచ్చే చోట్లట అవి, చైనావాళ్ళ పాత విద్యట. పక్కన కూర్చున్నాయన తొంగిచూసి, "ఎన్ని వింతలొస్తున్నాయో చూడండి!" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ గుర్రాన్ని నేను అరవై ఏళ్ళ కిందటే నరసరావుపేట స్టేషను ముందు చూశాను. ఆ చుక్కలు పెట్టింది నేనే.

సాగర్ డ్యాము పని మొదలైన రోజులవి. మాచర్ల రైలు నిండా తట్టలూ పారలూ పట్టుకున్న కూలీలు వెళ్తుండేవారు. నాకు అప్పుడు ఇరవయ్యో ఇరవై ఒకటో. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా కొత్తగా చేరాను. మా నాన్న మిషను బడిలో మేష్టరు. కొడుకు మనుషుల డాక్టరు కావాలని ఆయన ప్రార్థన చేశాడు, ప్రార్థన సగం ఫలించింది. ఉద్యోగంలో చేరేటప్పుడు తెల్లకోటు వేసుకుని సీసాల మధ్య నిలబడతానని ఊహించుకున్నాను. తీరా చేరాక తెలిసింది, నా ఉద్యోగం ముఖ్యంగా నడక అని. బొల్లాపల్లి వైపు మెట్ట ఊళ్ళకు గొడ్లకు టీకాలు వేయటానికి వెళ్ళాలి. బస్సు ఎక్కడో ఒకచోట దింపేస్తుంది, అక్కడి నుంచి మందుపెట్టె నెత్తిన పెట్టుకుని బీడు భూముల్లో పడి పోవాలి. అంత దూరం పోయాక గొడ్లు మేతకు పోయాయనేవారు. సాయంత్రం దాకా కూర్చుంటే గొడ్లొచ్చేవి, వాటితోపాటు రైతు పెళ్ళాం వచ్చి, "సూదేస్తే పాలెండిపోతయ్యంట, మాకొద్దు" అనేది. తిరిగి పేట చేరేసరికి నాకూ, నేను సూది వేయాల్సిన ఎద్దుకూ పెద్ద తేడా ఉండేది కాదు.

అలాంటి ఒక సాయంత్రమే స్టేషను ముందున్న జట్కా స్టాండులో మెల్లగా బాబాయిని సరిగ్గా చూశాను. మాకు ఆయన చుట్టం కాదు, ఆదివారం మిషను గుడిలో మా ముందు వరసలో కూర్చుంటాడు కాబట్టి బాబాయి. "మెల్లగా" అన్నది ఊరు పెట్టిన పేరు. బండెక్కేవాళ్ళతో "మెల్లగా", దిగేవాళ్ళతో "మెల్లగా", రైలు కూత వేస్తుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని "పోనీయవయ్యా" అనేవాళ్ళతో మరీ "మెల్లగా" అనేవాడు. ఆయన జట్కాలో ఎక్కి రైలు తప్పిపోయినవాళ్ళు పేటలో ఒక పేట ఉండేవారు. ఆయన గుర్రం పేరు దొరసాని. తెల్లటి ఆడ గుర్రం. ఒకప్పుడు పాలలా ఉండేదట, నేను చూసేనాటికి నీళ్ళు ఎక్కువైన పాలలా ఉంది. పదిహేడేళ్ళుగా ఆయన దగ్గరే ఉంది. పొద్దున పూట వెనక కుడికాలు పట్టేసి, నాలుగడుగులు కుంటితే గానీ సాఫీ అయ్యేది కాదు.

ఆ రోజు బాబాయి దాన్ని బండి నుంచి విప్పి, మెడమీద జూలు అయిపోయే చోట, రెండు భుజాల మధ్య బొటనవేలు పెట్టి అదుముతున్నాడు. గుర్రం తల కిందికి వాలింది. కింది పెదవి వేలాడేసింది. కళ్ళు అరమూతలు పడ్డాయి. తర్వాత ఇంత పొడుగున ఒక నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పు విని నాకు అసూయ కలిగింది, నిజం చెబుతున్నాను. గుర్రాన్ని చూసి అసూయపడే స్థితికి ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలోనే చేరుకున్నాను.

"ఏందది బాబాయ్, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"ఏముంది అబ్బాయ్. అలుపు యాడ కూర్చుందో చూసి లేపుతన్నా."

గుర్రం ఒంటిమీద అలాంటివి పద్నాలుగు చోట్లు ఉన్నాయట. వాళ్ళ నాయన ఏదో జమీందారు గుర్రాలశాలలో పనిచేసి నేర్చుకొచ్చాడు. కంటి కింద ఒకటి, చెవి మొదట్లో ఒకటి, రొమ్ము మీద, డొక్కలో, నడుం మీద వెన్నుకు నాలుగు వేళ్ళు ఎడంగా అటొకటి ఇటొకటి, గిట్టల పైన. అందులో తొమ్మిది పొద్దున చోట్లు. బండి కట్టే ముందు నొక్కితే ఊపిరి ఆడుతుంది, పట్టేసిన కాలు సాగుతుంది, గుర్రం చెవులు నిక్కబొడుచుకుంటుంది. మిగతా అయిదూ సాయంత్రం చోట్లు. పని అయ్యాక, బండి విప్పాక మాత్రమే నొక్కాలి. అందులో అసలుది జూలు అయిపోయే దగ్గరిది.

"గుర్రాలు రెండు ఎదురుబొదురు నిలబడి మెడలు కొరుక్కోటం చూళ్ళా నువ్వు? ఆడే కొరుక్కుంటయ్. తన నోరు తనకి అందని చోటది. ఇంకోడి పళ్ళైనా ఉండాల, ఇంకోడి ఏలైనా ఉండాల," అన్నాడు బాబాయి.

మా డాక్టరుగారితో ఈ సంగతి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు (ఎవరైనా తెలివితక్కువ మాట అంటే ఆయన ముందు కళ్ళజోడు తుడిచేవారు). "నొక్కితే రోగాలు పోయేట్టయితే ఈ సీసాలన్నీ ఎందుకోయ్? రేపట్నుంచి నువ్వూ నేనూ వేళ్ళు పట్టుకుని కూర్చుందామా?" అన్నారు. ఆయన మంచివారే. భారీ మనిషి, నడుం నొప్పి. కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. అందుకని ఆయన కోపం కూడా సగం లేచి ఆగిపోయేది.

అసలు కథ తనిఖీతో మొదలైంది. ఏటా ఒకసారి ఊళ్ళో జట్కా గుర్రాలన్నిటినీ మైదానంలో వరసగా నిలబెట్టి మా డాక్టరుగారు చూసేవారు. అటు చింతచెట్టు దాకా, ఇటు కుర్చీ దాకా ఒకసారి చిన్న పరుగు తీయించేవారు. కుంటకుండా తీస్తే ఇత్తడి లైసెన్సు బిళ్ళ మరో ఏడాది బండికి ఉంటుంది. కుంటితే ఊడబీకుతారు. ఆ ఏడు తనిఖీ వారం ఉందనగా బాబాయి మా ఇంటికొచ్చాడు. అరుగుమీద కూర్చుని రెండు చేతులూ చాపాడు. బొటనవేళ్ళు రెండూ కణుపుల దగ్గర వాచిపోయి, అల్లం కొమ్ముల్లా వంకర తిరిగి ఉన్నాయి. పదిహేడేళ్ళు రోజుకు రెండు పూటలా నొక్కిన వేళ్ళు.

"ఏళ్ళు పోయినయ్ అబ్బాయ్. మోపితే ప్రాణం పోతంది. ఆ రోజు పొద్దున ఆ తొమ్మిది చోట్లూ నొక్కకపోతే దొరసాని అడుగెయ్యదు. నీయి పడుచు ఏళ్ళు. ఒక్క పూట."

బాబాయి వెనకే పిన్ని వచ్చింది. పిన్ని అంటే ఆయన భార్య. ఆయన "మెల్లగా" అని వదిలేసిన తొందరంతా ఆవిడ దగ్గరుండేది. "పత్తి మిల్లోళ్ళు గేటు కాడ కూర్చో అని ఏడాది నుంచీ పిలుస్తన్నారు, పోడు. దీన్ని విప్పి ఏం జేసేది అంటాడు. అమ్మితే నాపరాళ్ళ బండికి కడతారంట, అదీ ఒప్పుకోడు. బిళ్ళ ఊడిందా, మేం తినేదేంది అబ్బాయ్? నువ్వే ఏదో ఒకటి చెయ్యాల," అంది. ఊళ్ళో ఒక కుటుంబం అన్నం నా బొటనవేళ్ళ మీద ఆధారపడటం అదే మొదలు. వేళ్ళ వంక చూసుకుని, "నేను చూసుకుంటాను పిన్నీ" అన్నాను. ఆ వయసులో ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేదో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

నేర్చుకోవటానికి రోజూ సాయంత్రం వాళ్ళ దొడ్లోకి వెళ్ళేవాణ్ణి. పగలు బీళ్ళలో నడిచి నడిచి వచ్చేవాణ్ణేమో, ఆయన ఆరో చోటు చెప్పేసరికి మొదటి మూడూ మరిచిపోయేవాణ్ణి. నోటుబుక్కులో గుర్రం బొమ్మ వేసి గుర్తులు పెట్టుకుందామని చూశాను. పిన్ని తొంగిచూసి, "మేకనెందుకు గీశావు అబ్బాయ్?" అంది. ఆయన చెప్పే కొలతలన్నీ "నాలుగేళ్ళు", "జానెడు" అని. అవి ఆయన వేళ్ళ లెక్క. నా వేళ్ళతో కొలిస్తే డొక్కలో ఉండాల్సిన చోటు పొట్ట కిందికి పోయేది, అక్కడ నొక్కితే దొరసాని వెనక్కి తిరిగి, మేష్టరుగారబ్బాయివి నీకిదేం బుద్ధి అన్నట్టు చూసేది.

చివరికి, "దాని ఒంటిమీదే గుర్తులు పెట్టుకుంటా బాబాయ్" అన్నాను. ఆయన పసుపనో విభూది అనో అనుకున్నట్టున్నాడు, "పెట్టుకో నాయనా" అన్నాడు. నేనేమో కాంపౌండర్ని. పసుపు చెమటకు కారిపోతుంది. శాస్త్రీయంగా ఆలోచించి, మా ఆసుపత్రిలో గొడ్ల పుళ్ళకు పూసే ఊదారంగు మందు సీసా జేబులో వేసుకొచ్చాను. ఆయన ఒక్కో చోటా వంకర వేలితో చూపించాడు, నేను పుల్లకు దూది చుట్టి చుక్క పెట్టాను. పద్నాలుగు చోట్లు. కొన్ని రెండు పక్కలా ఉంటాయి కాబట్టి మొత్తం ఇరవైమూడు చుక్కలు. "తొమ్మిదీ పొద్దునయ్, అయిదూ సాయంత్రానియ్, గుర్తుందిగా?" అన్నాడు ఆయన. "ఉంది బాబాయ్" అన్నాను. కొంచెం వెనక్కి నిలబడి చూసుకుంటే, తెల్ల గుర్రం మీద ఊదా చుక్కలు, చీర అంచుకు అద్దకం వేసినట్టు ముచ్చటగా అనిపించింది కూడా.

ఆ మందు పల్నాడులో ప్రతి గొడ్డుకూ తెలుసు, ప్రతి మనిషికీ తెలుసు. ఊదారంగు కనిపించిందంటే దాని కింద పుండున్నట్టే. మర్నాడు పొద్దున జట్కా స్టేషను దగ్గర ఆగగానే రైలు దిగినవాళ్ళు గుర్రాన్ని ఒకసారి చూసి, పిల్లల్ని చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయారు. వారం వారం ఆయన బండే ఎక్కే పత్తి షావుకారుగారి భార్య ఒక కాలు మెట్టుమీద పెట్టి, కళ్ళు ముందుకు పోయి, పెట్టిన కాలు తీసేసింది. "ఏందయ్యా ఇది! మా బర్రె పొదుగు కుళ్ళితే ఈ మందే పూశారు. ఇన్ని పుళ్ళున్న దాన్ని బండికి కట్టి తోలుతన్నావా? పాపం గాదూ?" అంది.

"పుళ్ళు కావమ్మా, గుర్తులు," అన్నాడు బాబాయి.

"దేనికి గుర్తులు?"

బాబాయి నా వంక చూశాడు. (నేను అక్కడే ఉన్నాను, బొల్లాపల్లి బస్సు కోసం. నా బస్సు రావాలని అంత గాఢంగా ఇంకెప్పుడూ కోరుకోలేదు.) ఆ రోజు ఆయన బండి ఒక్కరూ ఎక్కలేదు, తర్వాతి రోజూ ఎక్కలేదు. పక్క జట్కావాళ్ళు తమ గుర్రాలను పది బారలు దూరంగా కట్టేసుకున్నారు. పిన్ని కుంకుడుకాయ పులుసుతో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది, బూడిదతో రుద్దింది. దొరసాని మీద చుక్కలు అలాగే ఉన్నాయి, పిన్ని చేతులు మాత్రం మోచేతుల దాకా ఊదాగా మారాయి. ఆదివారం గుడిలో పాస్టరుగారు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వబోయి ఆ చేతులు చూసి ఒక క్షణం ఆగారు. తర్వాత వరసలో ఊదారంగు వేళ్ళతో నేను నిలబడి ఉన్నాను. ఆయన కళ్ళెత్తి పైకి చూశారు, ఏం అడిగారో ఏమో.

మర్నాడే తనిఖీ. పొద్దున్నే మైదానానికి వెళ్ళాను. రిజిస్టరూ థర్మామీటరూ పట్టుకుని డాక్టరుగారి పక్కన నిలబడటం నా డ్యూటీ. ఆయన ఇంకా రాలేదు. ముందు వారమంతా టీకాల తిరుగుడు, రాత్రి సరిగ్గా నిద్ర లేదు, కళ్ళలో ఇసుక పోసినట్టుంది. గుర్రాల వరస చివర్న, అందరికీ ఎడంగా, మా దొరసాని. బాబాయి బండి కర్రమీద కూర్చుని ఉన్నాడు, వాచిన చేతులు తొడలమీద పెట్టుకుని. "కానీ అబ్బాయ్" అన్నాడు.

మొదలుపెట్టాను. కంటి కింద చుక్క. నొక్కాను. చెవి మొదట్లో చుక్క. నొక్కాను. ఒంటిమీద చుక్కలుంటే ఇంక ఆలోచించే పనేముంది? ఆ తెలివంతా చుక్క పెట్టేటప్పుడే వాడేశాను. రొమ్ము, డొక్క, నడుం, చుక్క తర్వాత చుక్క. అలసిపోయిన మనిషికి వరసగా చేసే పనంత సుఖం ఇంకోటి లేదు. జూలు అయిపోయే చోట ఉన్న చుక్క మీద మిగతావాటికంటే కొంచెం ఎక్కువసేపే నొక్కాను, నా నుదురు దాని మెడకు ఆనించి. అక్కడ వెచ్చగా ఉంది, ఉలవల వాసన వేసింది. ఇరవైమూడు చుక్కలూ అయిపోయాయి. ఒక్కటీ వదల్లేదు. తొమ్మిదికీ అయిదుకీ నేను వాడింది ఒకటే సీసా, ఒకటే రంగు అన్న సంగతి అప్పటికి నా బుర్రకు తట్టలేదు.

డాక్టరుగారొచ్చి కుర్చీలో కూర్చున్నారు. గొడుగు పట్టే బంట్రోతు, మునిసిపాలిటీ గుమాస్తా, రిజిస్టరుతో నేను. నలభై గుర్రాలను చూసేసరికి ఎండ ముదిరింది. ఆయన మాటలు తగ్గిపోతూ వచ్చి, చివరికి "తోలు", "చాలు" అన్న రెండు మాటలు మిగిలాయి. దొరసాని వంతు వచ్చింది. "తోలు" అన్నారు.

బాబాయి నాలుక చప్పరించాడు. దొరసాని ఒక అడుగు వేసింది. కుంటలేదు. రెండు, మూడు. నాలుగో అడుగు డాక్టరుగారి కుర్చీకి ఎదురుగా పడింది, అక్కడ ఆగింది. తల వాల్చింది. కింది పెదవి వేలాడేసింది. ఇంత పొడుగున నిట్టూర్చింది. ముందరి మోకాళ్ళు రెండూ మడిచి, ఏ తొందరా లేకుండా, యజమాని పేరు నిలబెడుతూ మెల్లగా కూలబడి, పక్కకు ఒరిగి కళ్ళు మూసుకుంది.

మైదానమంతా ఒక్క అరుపు. పిన్ని గట్టున నిలబడి, "చచ్చిపోయిందో!" అని గుండెలు బాదుకుంది. డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. సాయం లేకుండా ఆయన లేవటం నేను చూసింది ఆ ఒక్కసారే. గుర్రం పక్కన మోకరించి గుండెమీద గొట్టం పెట్టి విన్నారు. చాలాసేపు విన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమీ లేదు. నిద్రపోతోంది," అన్నారు. "ఇంత సర్వీసులో నా ముందు నిద్రపోయిన గుమాస్తాలను చూశాను గానీ, గుర్రాన్ని ఇదే చూడటం."

గుమాస్తా ఒక్కడు తప్ప అందరూ నవ్వారు. డాక్టరుగారి చూపు చుక్కల మీద పడింది. అక్కడి నుంచి రిజిస్టరు పట్టుకున్న నా వేళ్ళ మీద పడింది. "సీసా ఎక్కడ పోయిందా అని నేను బీరువా వెనకాల వెతికిస్తున్నానోయ్," అన్నారు మెత్తగా. జూలు దగ్గరి చుక్క నా కళ్ళముందే ఉంది. అప్పుడు తట్టింది. సాయంత్రం చోటు. పొద్దున్నే పని చేయాల్సిన గుర్రానికి అయిదు సాయంత్రాలు ఒకేసారి తెచ్చిపెట్టాను.

అది ఎలాగూ పడుకుని ఉంది కాబట్టి, నిలబడి ఉంటే ఎవరినీ ముట్టనివ్వని వెనక కుడికాలును డాక్టరుగారు తీరిగ్గా ఎత్తి చూశారు. కీలు పట్టుకుని వంచారు, నొక్కారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఎన్నాళ్ళ నుంచి తోలుతున్నావయ్యా దీన్ని ఇలా? లోపల కీలంతా అరిగిపోయింది. ఒకరోజు నడివీధిలో మనుషులతో సహా పడేస్తుంది," అని నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని తనే రాశారు. బాబాయి బండి దగ్గరికి వెళ్ళి బిళ్ళ ఊడదీయబోయాడు. వేళ్ళు సాగలేదు. పిన్ని వెళ్ళి ఊడదీసింది. నా ముందునుంచి పోతూ, "చూసుకుంటానన్నావుగా అబ్బాయ్," అంది, అంతే. తిడితే బాగుండేది.

సీసా తీసినందుకు శిక్షగా డాక్టరుగారు నన్ను బొల్లాపల్లి వైపు టీకాలకే వేశారు, వారానికి ఆరు రోజులూ. ఆ శిక్ష నాకు ఆనలేదు. బాబాయి పత్తి మిల్లు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటున్నాడని విన్నాను. ఆ దారిన పోవటం మానేశాను. ఆయన అన్నం నేను తీసేశానన్న ఊహ ఎక్కడికి పోయినా మందుపెట్టెతోపాటు నెత్తిమీదే ఉండేది. గుడిలో వెనక బెంచీకి మారాను. ఎనిమిది నెలలు ఇలా గడిచాక నాకు మాచర్ల బదిలీ అయింది. పెట్టె పట్టుకుని స్టేషనుకు పోతుంటే ఉన్న ఒక్క అడ్డదారీ కాలవ తవ్వి మూసేశారు. మిల్లు గేటు ముందునుంచే పోవాల్సొచ్చింది. తల వంచుకుని గబగబా దాటబోయాను.

"మెల్లగా అబ్బాయ్, మెల్లగా. రైలు ఇంకా సాతులూరు కూడా రాలా," అన్నాడు బాబాయి.

గేటు లోపలికి తీసుకుపోయాడు. గోడౌను వెనక నీడలో దొరసాని గడ్డి తింటోంది. ఒళ్ళు చేసింది, జూలు నిగనిగలాడుతోంది. వెంట్రుకలు రాలి కొత్తవి వచ్చాయేమో చుక్కలన్నీ పోయాయి. మిల్లు షావుకారు దాన్ని అక్కడే కట్టేసుకోనిచ్చాడట. నేను అప్పటిదాకా దాచుకున్నదంతా ఒక్క ఊపిరిలో కక్కేశాను. నాదే తప్పు, రంగు ఒకటే వాడాను, సాయంత్రం చోట్లు కూడా నొక్కాను, నిద్ర లేక తెలియలేదు అని.

"తెలుసు. చూశాగా," అన్నాడు ఆయన.

"ఏం చూశావు?"

"నువ్వు జూలు కాడ ఏలు పెట్టటం చూశా. ఒద్దని చెబుదామని నోరు తెరిచా అబ్బాయ్. అప్పుడే అది ఊపిరి వదిలింది. పదిహేడేళ్ళలో పొద్దుటి పూట అది అట్టా ఊపిరి వదలటం నేనినలా. నోరు మూసుకున్నా."

"బిళ్ళ పోతుందని తెలిసేనా బాబాయ్?"

"తెలవకేం." దొరసాని వంక చూస్తూ అన్నాడు. "చాలని దానికి నేను చెప్పలేకపోయా. మీ పిన్నికీ చెప్పలేకపోయా. నాకు నేనూ చెప్పుకోలేకపోయా. డాక్టరు చేత చెప్పిచ్చా. మాట నీ మీద బడింది. తప్పే. ఆ తర్వాత నువ్వు ఈ దారిన రాలా, చెబుదామంటే."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఎనిమిది నెలలు! ఒక్క కబురు పంపితే పోయేదానికి. కోప్పడదామని నోరు తెరిచాను గానీ, కోపానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. అక్కడే పెట్టెమీద కూలబడ్డాను. బాబాయి నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. బొటనవేళ్ళు పనికిరావు కాబట్టి వేలి కణుపు మడిచి, మెడ అయిపోయే చోట, రెండు భుజాల మధ్య మోపాడు.

"ఈడేనా కూర్చుంది?" అన్నాడు.

నేను విడిచిన నిట్టూర్పుకు దొరసాని గడ్డి నమలటం ఆపి తల తిప్పి చూసింది. ఆ రోజు రైలెక్కి కూర్చోవటం ఒక్కటే గుర్తుంది. మాచర్లలో పోర్టరు భుజం కుదిపి లేపాడు. ఆఖరి స్టేషను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎక్కడ తేలేవాణ్ణో.

తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో గొడ్లకు సూదులు వేశాను, రిటైరయ్యాను. ఇప్పుడు నా బొటనవేళ్ళు కూడా వాచాయి. ఆ సూదుల వైద్యుడి గదిలో నా వంతు వచ్చేలోగా లేచి ఇంటికొచ్చేశాను. మా ఆవిణ్ణి పిలిచి వీపు చూపించి, ఇక్కడ నొక్కు అన్నాను. ఇక్కడా అంది. ఇంకొంచెం పైకి. ఇక్కడా? కాదు, పక్కకి. ఆవిడకూ డెబ్బై దాటాయి, ఆవిడకూ ఓపిక లేదు. పెళ్ళయిన కొత్తలో "గుర్రం కథ" అని నేను చెబితే నమ్మని మనిషి, నేను నమ్మించాలని చూడనూ లేదు. చివరికి చోటు దొరికింది. నేను నిట్టూర్చాను.

"రోజూ ఇంతసేపు వెతకలేనండీ, గుర్తు పెట్టేస్తా ఉండండి," అని లోపలికి వెళ్ళి మనవరాలి రంగుల పెన్నొకటి తెచ్చి వీపుమీద చుక్క పెట్టింది. తర్వాత అద్దం పట్టి చూపించింది. ఊదారంగు. ఇంట్లో ఇంకో రంగు లేదా అని అడగబోయి ఊరుకున్నాను. మిగిలినవన్నీ సాయంత్రాలే కదా, ఒక్క రంగు సరిపోతుంది.